అమెరికా అడిగినప్పుడల్లా యూరప్ నేతలు తలూపుతారెందుకు? ఇంట్లో ఓట్లు పోవా?

మీ ప్రశ్న టూకీగా ఇది: 45 కోట్ల జనాభా, ప్రపంచంలోకెల్లా పెద్ద మార్కెట్లలో ఒకటి చేతిలో ఉండి కూడా యూరప్ నాయకులు అమెరికా ఏది అడిగినా సరే అంటున్నారు. రక్షణకు జీడీపీలో 5 శాతం ఖర్చు పెట్టమంటే సరే, తమ సరుకు మీద సుంకం 15 శాతం అంటే సరే. ఇంట్లో జనం గొణుగుతున్నా ఎందుకిలా? ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతోంది? వద్దని చెప్పి నెగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ముందు సూటిగా జవాబు. తలూపుతున్న మాట నిజమే. కానీ తలూపడం వేరు, చెల్లించడం వేరు. అక్కడ ఇచ్చిన మాటను ఇంట్లో ఓటరుకు తగలని చోటి నుంచి చెల్లించడమే వాళ్ల అసలు విద్య. దానికి మూడు దారులు వాడతారు: గడువును దూరంగా పెట్టడం, ఉన్న ఖర్చునే కొత్త పద్దు కింద రాయడం, ఓటు లేనివాళ్ల వాటాలోంచి కోయడం. ఈ మూడూ కుదరక, ఫలానా తేదీకి ఫలానా మొత్తం సొంత ఖజానా నుంచి కట్టాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వాలు కూలుతాయి. అందుకే శిఖరాగ్ర సమావేశం ఫొటో చూసి ఎవరు వంగారో తేల్చకండి. ఆర్నెల్ల తర్వాత వచ్చే బడ్జెట్ పుస్తకం తెరిచి చూడండి.

అసలు వద్దని ఎందుకు అనలేరు? సైనికులు లేక కాదు, యూరప్ దేశాలన్నీ కలిస్తే పది లక్షల మంది పైనే ఉంటారు. లేనివి వేరే ఉన్నాయి: ఉపగ్రహ నిఘా, గాల్లో ఇంధనం నింపే విమానాలు, భారీ రవాణా విమానాలు, పేట్రియాట్ క్షిపణులు, వీటన్నిటినీ ఒక్క తాటి మీద నడిపే కమాండ్, వీటి మీద అణు గొడుగు. 2025 ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో జెలెన్‌స్కీతో గొడవయ్యాక అమెరికా ఉక్రెయిన్‌కు నిఘా సమాచారం ఇవ్వడం సుమారు వారం పాటు ఆపేసింది. ఆ వారంలో ఆ ఖాళీని పూడ్చగలిగిన యూరప్ దేశం ఒక్కటీ లేదు. తర్వాత నాలుగైదు నెలల్లో బెర్లిన్, లండన్, బ్రస్సెల్స్ తీసుకున్న నిర్ణయాల వెనక ఆ వారం ఉంది. గ్యాస్ సంగతీ అంతే. రష్యా పైపు మూసుకున్నాక, 2024లో ఈయూ (యూరోపియన్ యూనియన్) దిగుమతి చేసుకున్న ఎల్‌ఎన్‌జీలో (ద్రవరూప సహజవాయువులో) దాదాపు 45 శాతం అమెరికాదే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది వీళ్ల పని. కప్ప ఓటరు, పాము వాషింగ్టన్ అనుకోండి. సందర్భాన్ని బట్టి తిరగేసుకున్నా తప్పులేదు.

ఇప్పుడు 5 శాతం కథ. దీన్నే కాస్త దగ్గరగా చూద్దాం, మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

2014లో వేల్స్ సమావేశంలో నాటో సైనిక కూటమి దేశాలు ఒప్పుకున్నది 2 శాతం. కానీ ఆ వాక్యం ఎలా ఉందో చూడండి: పదేళ్లలో 2 శాతం మార్గదర్శకం ‘వైపు’ ‘కదలడం’ తమ ‘లక్ష్యం’ అన్నారు. చేరతామని అనలేదు. అప్పటికి ఆ గీత దాటినవి మూడే దేశాలు: అమెరికా, బ్రిటన్, గ్రీస్. పదేళ్లు గడిచి 2024 వచ్చేసరికి నాటో అంచనా ప్రకారం 32లో 23 దాటాయి. ఇక్కడ ఒబామా, ట్రంప్, బైడెన్ ఒత్తిడికన్నా ఎక్కువ పని చేసింది 2022 ఫిబ్రవరిలో పుతిన్ చేసిన దాడి.

2025 జూన్‌లో హేగ్‌లో 5 శాతం అన్నారు. అది ఒక అంకె కాదు, రెండు. 3.5 శాతం అసలు సైనిక ఖర్చు. మిగతా 1.5 శాతం వంతెనలు, రైలు మార్గాలు, రేవులు, సైబర్ భద్రత, పౌర సన్నద్ధత, ఆయుధ పరిశ్రమ. గడువు 2035. మధ్యలో 2029లో సమీక్ష. ఉక్రెయిన్ రక్షణకు నేరుగా ఇచ్చే సాయం కూడా లెక్కలోకే వస్తుంది. ఆ 1.5 శాతంలో చాలావరకు ఆ దేశాలు ఎటూ పెట్టే ఖర్చే. ట్యాంకు వెళ్లాలంటే గట్టి వంతెన కావాలి, నిజమే. కానీ అదే వంతెన మీద పాల వ్యాన్లు కూడా వెళ్తాయి, ఆ నియోజకవర్గంలో ఓట్లూ వస్తాయి. ట్రంప్‌కు 5 అనే అంకె కావాలి, వీళ్లకు 3.5 కూడా కష్టమే. నాటో ప్రధాన కార్యదర్శి మార్క్ రుట్టె పనల్లా ఆ రెంటినీ ఒకే కాగితం మీద పట్టించడం. పట్టించాడు. ట్రంప్ మీద ఆయన కురిపించిన పొగడ్తలకు నవ్వుకున్నవాళ్లు ఆ కాగితం అల్లికను చూడలేదని నా అభిప్రాయం.

ఇక స్పెయిన్ ఏం చేసిందో చూద్దాం. సమావేశానికి ముందే ప్రధాని పెద్రో సాంచెజ్ 5 శాతం అసమంజసమంటూ రుట్టెకు లేఖ రాశాడు. మాకు కేటాయించిన సైనిక సామర్థ్యాలను 2.1 శాతంతోనే సమకూర్చుకుంటామన్నాడు. తుది ప్రకటనలో ‘మేము’ అని ఉండాల్సిన చోట ‘మిత్రదేశాలు’ అనే మాట పడింది. ఆ ఒక్క మాట మారడంతో సంతకం పెట్టీ పెట్టనట్టే ఉండే వెసులుబాటు స్పెయిన్‌కు దొరికింది. డబ్బులో దాని విలువ ఎంత? స్పెయిన్ జీడీపీ సుమారు 1.6 లక్షల కోట్ల యూరోలు. 3.5కూ 2.1కీ మధ్య తేడా 1.4 శాతం. అంటే ఏటా దాదాపు 2,200 కోట్ల యూరోలు. ఒక్క పదానికి అంత ధర!

సాంచెజ్‌కు శాంతి మీద ప్రత్యేకమైన మమకారం ఉండి చేసిన పని కాదది. అప్పటికి 2023 బడ్జెట్ తర్వాత స్పెయిన్ పార్లమెంటులో కొత్తది పాస్ కాలేదు. పాత బడ్జెట్‌నే పొడిగిస్తూ నడుపుతూ వచ్చాడు. ప్రభుత్వంలో భాగమైన సుమార్, బయటి నుంచి మద్దతు కావాల్సిన పొదెమోస్ అనే రెండు వామపక్షాలూ ఆయుధాల ఖర్చుకు వ్యతిరేకం. అందుకే 2025 ఏప్రిల్‌లో 2 శాతం చేరడానికి ప్రకటించిన 1,047 కోట్ల యూరోల ప్యాకేజీని పార్లమెంటు ముందుకు తేకుండా మంత్రివర్గ నిర్ణయంతోనే కానిచ్చాడు. అందులోనూ సైబర్ భద్రత, టెలికాం, ప్రకృతి విపత్తుల సహాయక దళాలకు పెద్ద వాటాలే పెట్టాడు. ఓటేస్తే ఓడిపోయే విషయాన్ని ఓటుకే రానివ్వలేదన్నమాట.

ట్రంప్ కోపగించాడు, స్పెయిన్‌తో సుంకాల రూపంలో రెట్టింపు కట్టిస్తానన్నాడు. అయితే వాణిజ్యంలో ఈయూ 27 దేశాలకూ కలిపి మాట్లాడేది బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్. స్పెయిన్ ఒక్కదాన్ని వేరు చేసి కొడితే తగువు మొత్తం కూటమితో పెట్టుకున్నట్టే. ఇంకోటి, ఆ గొడవ జరుగుతున్నప్పుడు కూడా స్పెయిన్‌లోని రోటా నౌకాస్థావరంలో అమెరికా డిస్ట్రాయర్ యుద్ధనౌకలు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి ఊసు సాంచెజ్ ఎత్తలేదు. గట్టిగా వద్దన్నది ఒకటి, చప్పుడు చేయకుండా ఇస్తూ వచ్చింది ఇంకొకటి. ఈ జంటను గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

పద్దులు మార్చే విద్యలో ఇటలీది అందె వేసిన చెయ్యి. 2025లో ఆ దేశం 2 శాతానికి చేరింది ఎక్కువగా లెక్కల సర్దుబాటుతోనే. అప్పటిదాకా రక్షణ కింద చూపని ఖర్చులు, తీరరక్షక దళం లాంటివి, అటు జరిపారు. అక్కడితో ఆగకుండా, సిసిలీని ప్రధాన భూభాగంతో కలిపే మెస్సీనా వంతెనను కూడా రక్షణ పద్దులో చూపవచ్చని మంత్రులు సూచించారు. దాని అంచనా 1,350 కోట్ల యూరోలు. నాటో దక్షిణ భాగానికి సైన్యం తరలించడానికి పనికొస్తుందని వాదన. నాటోలో అమెరికా రాయబారి ఇలాంటి ‘సృజనాత్మక లెక్కలు’ కుదరవని బహిరంగంగానే అన్నాడు, రోమ్ వెనక్కి తగ్గింది. 1.5 శాతం కుండలో ఏదైనా వేయొచ్చు, కానీ మూత తీసి చూపిస్తూ వేయకూడదు.

ఓటు లేనివాళ్ల వాటాలోంచి కోయడానికి బ్రిటన్‌ను మించిన ఉదాహరణ లేదు. 2025 ఫిబ్రవరి 25న లేబర్ పార్టీ ప్రధాని కీర్ స్టార్మర్ రక్షణ ఖర్చును 2027 నుంచి 2.5 శాతం చేస్తానన్నాడు. డబ్బెక్కడిదంటే, విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గించి. రెండు రోజుల తర్వాత వైట్‌హౌస్‌లో ఉన్నాడు, జేబులో ట్రంప్‌కు రాజుగారి ఆహ్వాన పత్రం. అభివృద్ధి శాఖ మంత్రి అనలీజ్ డాడ్స్ ఆ పర్యటన అయ్యేదాకా ఆగి, 28న రాజీనామా ఇచ్చింది. అంతటితో సద్దుమణిగింది. సాయం ఆగిపోయిన ఆఫ్రికా ఆసుపత్రిలో లేబర్ ఓటరు లేడు కదా.

అదే స్టార్మర్ నాలుగు నెలల తర్వాత వికలాంగుల భత్యాల్లో కోత పెట్టబోయాడు. అందులో సుమారు 500 కోట్ల పౌండ్లు ఆదా చేయాలని ఆలోచన. సొంత పార్టీ ఎంపీలు 120 మందికి పైగా అడ్డం తిరిగారు. జూలై 1న ఓటింగ్‌కు గంటన్నర ముందు బిల్లులోని గుండెకాయ లాంటి భాగాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఈ రెండు కోతలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది సాధ్యమో ఏది కాదో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

జర్మనీ దారి వేరు. అక్కడ అప్పుకు రాజ్యాంగంలోనే పగ్గం ఉంది: కేంద్రం నిర్మాణాత్మక లోటు (ఆర్థిక హెచ్చుతగ్గుల ప్రభావం తీసేసిన లోటు) జీడీపీలో 0.35 శాతం దాటకూడదు. తర్వాత చాన్సలర్ అయిన ఫ్రీడ్రిష్ మెర్జ్ ఎన్నికల ప్రచారంలో ఆ పగ్గాన్ని సమర్థించాడు. 2025 ఫిబ్రవరి 23న గెలిచాడు. కొత్త పార్లమెంటులో తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీకి 152, లెఫ్ట్ పార్టీకి 64, మొత్తం 216 సీట్లు. 630లో మూడో వంతు 210. సవరణకు మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, అంటే ఆ రెండూ వద్దంటే అది జరగదు. అందుకని కొత్త సభ కొలువుదీరక ముందే, మార్చి 18న, పాత సభనే పిలిపించి సవరణ నెగ్గించాడు. అవసరమైన 489 కన్నా ఓ ఇరవై పైచిలుకు ఓట్లు ఎక్కువే పడ్డాయి. దాని ప్రకారం రక్షణ ఖర్చు జీడీపీలో 1 శాతం దాటిన భాగమంతా పగ్గం బయట. దానికి తోడు మౌలిక వసతులకు 12 ఏళ్లలో 50,000 కోట్ల యూరోల నిధి. గ్రీన్స్ పార్టీ ఓట్ల కోసం అందులో 10,000 కోట్లు వాతావరణ నిధికి, రాష్ట్రాల ఓట్ల కోసం మరో 10,000 కోట్లు రాష్ట్రాలకు.

చట్టప్రకారం తప్పేమీ లేదు. కానీ ప్రచారంలో ఒకటి చెప్పి మూడు వారాల్లో ఇంకోటి చేశాడన్న మచ్చ మెర్జ్ మీద పడింది, అది ఏఎఫ్‌డీకి ఉచితంగా దొరికిన ఆయుధం. ఇక్కడ ఖర్చు భరించేది రేపటి పన్ను చెల్లింపుదారు. వాళ్లలో చాలామందికి ఇంకా ఓటు రాలేదు. అదీ ఓటు లేనివాళ్ల జేబే, కాకపోతే ఇంటి పిల్లలది.

ఖర్చును దాచకుండా ఓటరు ముందే పెట్టినవాళ్లు లేరా? ఉన్నారు, డెన్మార్క్. అక్కడ 1686 నుంచి వసంతంలో ‘మహా ప్రార్థనా దినం’ అని ఒక శుక్రవారం సెలవు ఉండేది. ముందురోజు సాయంత్రం బేకరీల్లో యాలకుల వాసన వేసే గోధుమ బన్నులు కొనుక్కుని, వేడిచేసి వెన్న రాసుకుని తినడం ఆనవాయితీ. చర్చికి వెళ్లేవాళ్లు తగ్గిపోయినా బన్నులు మిగిలాయి. 2023 ఫిబ్రవరి చివర్లో మెట్టె ఫ్రెడరిక్సన్ ప్రభుత్వం ఆ సెలవును రద్దు చేసింది. జనం ఏడాదికి ఒకరోజు ఎక్కువ పనిచేస్తే ఖజానాకు సుమారు 300 కోట్ల క్రోనర్లు వస్తాయి, రక్షణ ఖర్చుకు ఉపయోగపడతాయి అని లెక్క. నెలజీతగాళ్లకు పరిహారంగా 0.45 శాతం పెంపు ఇచ్చారు. కోపెన్‌హాగన్‌లో వేలాది మంది వీధుల్లోకొచ్చారు, కార్మిక సంఘాలు మండిపడ్డాయి. అయినా చట్టం నిలిచింది.

ఎందుకు నిలిచింది? మూడు పార్టీల సంకీర్ణానికి పార్లమెంటులో సొంత మెజారిటీ ఉంది. ఎన్నికలు అయి నాలుగు నెలలే అయింది. పుండు మానడానికి మూడున్నరేళ్లు చేతిలో ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో ఈ రెండూ లేవు. 2025 జూలైలో ప్రధాని ఫ్రాంస్వా బైరూ సుమారు 4,400 కోట్ల యూరోల పొదుపు ప్రణాళిక తెచ్చాడు. దాదాపు అన్ని శాఖల ఖర్చూ స్తంభింపజేశాడు, రక్షణకు మాత్రం మినహాయింపు. పైగా ఈస్టర్ సోమవారం, మే 8 సెలవులు రెండూ ఎత్తేస్తానన్నాడు. సెప్టెంబరు 8న విశ్వాస పరీక్షలో 364-194తో ఓడిపోయాడు. పొదుపు మొత్తానికి అప్పు భారం కారణం, సైన్యం ఒక్కటే కాదు, ఆ తేడా చెప్పాలి. కానీ అందరి నోళ్లలో నానింది ఆ రెండు సెలవులే. తర్వాత ప్రధానిగా వచ్చిన లెకొర్ను మొదట చేసిన పని ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకోవడం. శాతాల గురించి ఎవరూ వీధికెక్కరు. సెలవు గురించి ఎక్కుతారు.

డెన్మార్క్ కథకు ఒక చేదు తోక ఉంది. సెలవు పోగొట్టుకుంది, ఎఫ్-35లు కొంది, 2025 జూన్‌లో అమెరికా సైనికులకు తన స్థావరాలు తెరిచే ఒప్పందాన్ని పార్లమెంటు ఆమోదించింది. ఇన్ని చేసిన దేశం మీదే, దాని అధీనంలోని గ్రీన్‌లాండ్ ఇమ్మని ఒత్తిడి వచ్చింది. చెప్పింది చేస్తే అడగడం ఆగుతుందనే లెక్క ఎప్పుడూ పనిచేయదు.

ఇక వాణిజ్యం. ఇది రక్షణకన్నా చిక్కుది, ఎందుకంటే ఇక్కడ దేశాధినేతల చేతిలో పగ్గాలు లేవు. సుంకాల అధికారం యూరోపియన్ కమిషన్‌ది. 2025 జూలై 27న స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీలో ట్రంప్‌తో చేతులు కలిపింది కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్. ఆగస్టు 1 నుంచి 30 శాతం వేస్తానని ఆయన బెదిరింపు. చివరికి చాలా సరుకుల మీద 15 శాతం, కార్ల మీద 27.5 నుంచి 15కు తగ్గింపు, ఉక్కు, అల్యూమినియం మీద 50 అలాగే. ఈ 15 ఓటమా గెలుపా అని యూరప్‌లో చాలా వాదించుకున్నారు. అదే ఆగస్టులో మన దేశం సరుకు మీద 50 శాతం పడింది. 15 అంటే ఏమిటో భీమవరం రొయ్యల రైతును అడిగితే నిమిషంలో చెబుతాడు.

ఈ ఒప్పందంలో ఇచ్చిన మాటలు చూడండి: మూడేళ్లలో 75,000 కోట్ల డాలర్ల ఇంధనం కొనుగోలు, 60,000 కోట్ల డాలర్ల పెట్టుబడులు. ఏడాదికి 25,000 కోట్ల ఇంధనం అన్నమాట. 2024లో ఈయూ అమెరికా నుంచి కొన్న చమురు, గ్యాస్, బొగ్గు అన్నీ కలిపినా అందులో మూడో వంతు లేదు. పైగా కమిషన్ ఒక్క బ్యారెల్ కూడా కొనదు. కొనేవి ప్రైవేటు కంపెనీలు, అవి ధర చూసుకుని కొంటాయి. తన చేతిలో లేనిదాన్ని మాట ఇవ్వడం మోసం అనిపించొచ్చు. అవతలివాళ్లకూ అది తెలుసు. ప్రకటించుకోవడానికి వాళ్లకు అంకె కావాలి, అది దొరికింది.

ఎదురు కొట్టొచ్చుగా అంటారా? 9,300 కోట్ల యూరోల అమెరికా సరుకు మీద ఎదురు సుంకాల జాబితా సిద్ధం చేసి, ఆర్నెల్లు అటకెక్కించారు. 27 దేశాలకు 27 నొప్పులు కాబట్టి. జర్మనీకి కార్లు. ఫ్రాన్స్, ఇటలీలకు వైన్, ఐర్లాండ్‌కు విస్కీ, మందులు. 2025 వసంతంలో అమెరికా బర్బన్ విస్కీ మీద సుంకం అనగానే ట్రంప్ యూరప్ వైన్ మీద 200 శాతం అన్నాడు. ఆ దేశాల ఒత్తిడితో ఏప్రిల్ జాబితాలోంచి బర్బన్ జారిపోయింది. అందరూ ‘బజూకా’ అని పిలిచే బలవంత నిరోధక చట్టం (వాణిజ్య బెదిరింపులకు బదులిచ్చేది) ఒకటి 2023 చివరి నుంచి అమల్లో ఉంది. దాన్ని పేల్చాలంటే కమిషన్ పరిశీలనకు నాలుగు నెలల దాకా, తర్వాత సభ్యదేశాల మండలి నిర్ణయానికి ఎనిమిది నుంచి పది వారాలు. జనాభాలో 65 శాతం ఉన్న 15 దేశాలు ఒప్పుకోవాలి. ఈ లోపు సుంకం మూడుసార్లు మారిపోయి ఉంటుంది.

బ్రిటన్ ఒంటరిగా మాట్లాడుకుని 2025 మే 8న ముందే తేల్చుకుంది: ఏటా లక్ష కార్లకు 10 శాతం సుంకం. క్లోరిన్‌తో కడిగిన కోడిమాంసం, హార్మోన్ల గొడ్డుమాంసం రానివ్వలేదు, ఆహార ప్రమాణాల్లో రాజీ లేదని గట్టిగా చాటుకుంది. ఓటరు కన్ను అక్కడే ఉంటుంది మరి. అంతగా ఎవరూ చూడని చోట 140 కోట్ల లీటర్ల అమెరికా ఇథనాల్‌కు సుంకం ఎత్తేసింది. అంతకుముందు 19 శాతం ఉండేది. ఆ 140 కోట్ల లీటర్లు దాదాపు బ్రిటన్ మార్కెట్ మొత్తానికి సమానం. మూడు నెలలు తిరక్కుండా ఆగస్టులో హల్ దగ్గరి పెద్ద ఇథనాల్ ప్లాంటు మూతపడింది, సుమారు 160 మందికి ఉద్యోగాలు పోయాయి, యార్క్‌షైర్ రైతుల దాణా గోధుమకు పెద్ద కొనుగోలుదారు పోయాడు. కార్ల ఫ్యాక్టరీ కార్మికుడిని కాపాడటానికి ఇథనాల్ కార్మికుడిని ఇచ్చారు. బేరమంటే ఇదే. కాకపోతే ఎవరిని ఇస్తున్నారో ముందుగా చెప్పలేదు.

ఒక సవరణ. పోలండ్, బాల్టిక్ దేశాలకు ఈ తక్కెడ వర్తించదు. 2025లో పోలండ్ తన జీడీపీలో 4.7 శాతం రక్షణకు పెట్టాలనుకుంది, అమెరికా అడిగిందని కాదు. రష్యా సరిహద్దు పక్కనున్న ఓటరే అడుగుతున్నాడు. మాడ్రిడ్‌కూ వార్సాకూ మధ్య దూరాన్ని ‘యూరప్’ అనే ఒక్క మాటలో కలిపేస్తే లెక్క తప్పుతుంది.

మాట ఇచ్చి కూలిపోయిన నాయకుడి కథ కావాలంటే 1966కు వెళ్లాలి. పశ్చిమ జర్మనీలో ఉన్న అమెరికా సైనికుల మీద డాలర్లు బయటికి పోతున్నాయని, దానికి బదులుగా జర్మనీ అమెరికా ఆయుధాలు కొనాలని ఒప్పందం ఉండేది. 1965 మధ్య నుంచి 1967 మధ్య దాకా రెండేళ్లకు 135 కోట్ల డాలర్లు. చాన్సలర్ లుడ్విగ్ ఎర్హార్డ్‌కు అది అప్పట్లో పెద్ద మొత్తం అనిపించలేదు. 1966లో ఆర్థిక వ్యవస్థ నెమ్మదించింది, బడ్జెట్‌లో గండి పడింది. సెప్టెంబరులో వాషింగ్టన్ వెళ్లి గడువు పెంచమని అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ను అడిగాడు. వియత్నాం ఖర్చులో మునిగి ఉన్న జాన్సన్ ససేమిరా అన్నాడు. ఇంటికొచ్చి పన్నులు పెంచుదామంటే, అక్టోబరు 27న సంకీర్ణంలోని ఎఫ్‌డీపీ పార్టీ మంత్రులు రాజీనామా చేశారు. డిసెంబరు 1కల్లా చాన్సలర్ కుర్చీలో కీసింగర్ ఉన్నాడు. యుద్ధానంతర ‘ఆర్థిక అద్భుతం’ తన పేరు మీదే ఉన్న మనిషి ఎర్హార్డ్, అయినా నిలవలేకపోయాడు. కచ్చితమైన మొత్తం, దగ్గరి గడువు, సొంత ఖజానా, మూడూ ఒక్కచోట కలిశాయి.

తర్వాతివాళ్లు పాఠం నేర్చుకున్నారు. 1967లో పరిష్కారం ఎలా కుదిరిందంటే, జర్మనీ కేంద్రబ్యాంకు తన దగ్గరి డాలర్లను అమెరికా దగ్గర బంగారంగా మార్చుకోనని లిఖితపూర్వకంగా మాట ఇచ్చింది, అమెరికా బాండ్లు కొంది. విలువలో అది చిన్న సాయమేమీ కాదు. కానీ ఏ ఓటరు పన్ను రసీదులోనూ కనిపించదు.

ఇక ఎదురు చెప్పి నెగ్గినవాళ్లు. అందరూ జర్మనీ చాన్సలర్‌గా పనిచేసిన గెర్హార్డ్ ష్రోడర్ పేరు చెబుతారు. 2002 ఎన్నికల ముందు ఇరాక్ యుద్ధానికి రామని తెగేసి చెప్పాడు. రెండు ప్రధాన పార్టీలకూ 38.5 శాతమే వచ్చిన ఎన్నికలో ఆరు వేల చిల్లర ఓట్ల తేడాతో ఆయన పార్టీ ముందు నిలిచింది. ఎల్బే నది వరదల్లో చురుగ్గా తిరగడం కూడా కలిసొచ్చింది లెండి. కానీ 2003 మార్చిలో యుద్ధం మొదలయ్యాక జర్మన్ గగనతలం అమెరికాకు తెరిచే ఉంది, రామ్‌స్టైన్ స్థావరం రేయింబవళ్లు పనిచేసింది, జర్మనీలోని అమెరికా శిబిరాలకు వేలమంది జర్మన్ సైనికులు కాపలా కాశారు. పైన స్పెయిన్ దగ్గర చెప్పిన జంట ఇదే. జనానికి వినబడే ‘వద్దు’ ఒకటి, సైన్యానికి పనికొచ్చే ‘సరే’ ఇంకొకటి.

నన్నడిగితే ష్రోడర్‌కన్నా నేర్పరి 1980ల నాటి నెదర్లాండ్స్ ప్రధాని రూడ్ లబ్బర్స్. 1979 నాటో నిర్ణయం ప్రకారం ఆ దేశం 48 అమెరికన్ క్రూయిజ్ క్షిపణులకు చోటివ్వాలి. 1983 అక్టోబరులో హేగ్‌లో దాదాపు అయిదున్నర లక్షల మంది వాటికి వ్యతిరేకంగా ఊరేగారు. దేశ జనాభాయే అప్పట్లో కోటీ నలభై లక్షల పైచిలుకు. సొంత పార్టీలోనే చీలిక. సరే అంటే ప్రభుత్వం ఉండదు, వద్దంటే వాషింగ్టన్ ఊరుకోదు. 1984 జూన్ 1న ఆయన మంత్రివర్గం ఒక షరతు పెట్టింది: 1985 నవంబరు 1 నాటికి సోవియట్ ఎస్‌ఎస్-20 క్షిపణులు 378 దాటకపోతే మేం కొత్తవి పెట్టం, దాటితే పెడతాం. అంటే నిర్ణయం హేగ్ చేతిలోంచి మాస్కో చేతిలోకి వెళ్లింది. అమెరికా అధ్యక్షుడు రేగన్ దాన్ని కాదనలేడు, ఊరేగినవాళ్లకూ పదిహేడు నెలల ఆశ దొరికింది.

గడువు రోజు లెక్క చూస్తే 441 తేలాయి. అప్పటికి 37 లక్షల మంది వ్యతిరేకంగా సంతకాలు పెట్టి ఉన్నారు. లబ్బర్స్ మాట ప్రకారం ఒప్పందం మీద సంతకం చేశాడు, కానీ క్షిపణులు రావడానికి ఇంకో మూడేళ్లు పట్టేలా. 1986 మేలో ఎన్నికలు గెలిచాడు, ఆయన పార్టీ సీట్లు 45 నుంచి 54కు పెరిగాయి. 1987 డిసెంబరు 8న రేగన్, సోవియట్ నేత గోర్బచేవ్ ఆ రకం క్షిపణులన్నిటినీ రద్దు చేస్తూ ఒప్పందం చేసుకున్నారు. వాటికోసం వూన్స్‌డ్రెక్ట్ స్థావరంలో బంకర్లు కట్టారు. ఆ 48 క్షిపణుల్లో ఒక్కటీ అక్కడికి రాలేదు.